కొత్త సోలార్ గీజరు నాణ్యత తెల్లవారుజామునే తెలుస్తుంది

ప్రశ్న: మాది బొబ్బిలి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వెళ్ళిన వారంలో మా మేడ మీద 15 గాజు గొట్టాలున్న 150 లీటర్ల సోలార్ గీజరు పెట్టించుకున్నాము. ఇంట్లో అయిదుగురం ఉంటాము. సాయంత్రం నాలుగు గంటలకు కుళాయి తిప్పితే చెయ్యి కాలేటంత వేడి నీరు వస్తోంది. ఉదయం అయిదు గంటలకు కింది అంతస్తులో మా అత్తగారు కార్తీక స్నానానికి వెళ్తే మాత్రం, రెండు బకెట్ల చల్లనీరు పారబోసిన తరువాత గోరువెచ్చగా వస్తోంది. బిగించినాయనను అడిగితే చలికాలంలో ఏ కంపెనీదైనా ఇంతేనంటున్నారు. ఆయనకు ఇంకా కొంత సొమ్ము ఇవ్వవలసి ఉంది. పని నాణ్యంగా జరిగిందో లేదో మాకు మేముగా తెలుసుకునే మార్గం చెప్పగలరా?
— ఒక గృహిణి, బొబ్బిలి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే ఉపయోగపడిన మాట ‘రెండు బకెట్లు’. దాని సంగతి తరువాత చెబుతాను. ముందుగా, చలికాలంలో ఏ కంపెనీదైనా ఇంతేనన్న మాటను మీరు ఒప్పుకోనవసరం లేదు. తుపాను మబ్బులు పట్టిన నాలుగు రోజులు మినహాయిస్తే, మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో చలికాలమంటే ఆకాశం తేటగా ఉండే కాలమే. గీజరును దక్షిణానికి తిప్పి, తగినంత వాలుగా నిలబెట్టేది కూడా ఆ నెలల్లో కిందుగా నడిచే సూర్యుడి ఎండ నేరుగా పడాలనే. వేసవిలో నల్ల రంగు ప్లాస్టిక్ ట్యాంకులోని నీరు కూడా కాగుతుంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో వచ్చే వేడి నీటిని చూసి సోలార్ గీజరు మంచిచెడ్డలు నిర్ణయించలేము. అలాగే సాయంత్రం నీటిని చూసీ నిర్ణయించలేము. ట్యాంకులో వేడి నీరు పైకి, చల్లనీరు కిందికి చేరతాయి. కుళాయికి వచ్చే పైపు సాధారణంగా ట్యాంకు పైభాగం నుంచే బయలుదేరుతుంది. కాబట్టి సాయంత్రం మీరు పట్టిన మొదటి చెంబు నీరు పై పొర సంగతి మాత్రమే చెబుతుంది. పగలు పోగుచేసిన వేడిని రాత్రంతా ఎంత జాగ్రత్తగా దాచిందన్నది తెల్లవారుజామునే బయటపడుతుంది.

ఎంత వేడి దాచాలో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకెలోరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలోకెలోరీలు ఉంటాయి. 25 డిగ్రీల దగ్గరున్న 150 లీటర్ల నీరు సాయంత్రానికి 60 డిగ్రీలకు చేరాలంటే 5,250 కిలోకెలోరీలు, అంటే దాదాపు 6 యూనిట్ల వేడి కావాలి. ఎండ బాగా కాసిన రోజున 15 పెద్ద గొట్టాలు ఈ పని చేయగలవు. ట్యాంకు చుట్టూ 50 మిల్లీమీటర్ల మందాన పఫ్ అనే, వేడిని బయటికి పోనివ్వని నురుగు సరిగా నింపి ఉంటే, ట్యాంకు గోడల గుండా రాత్రి పోయే వేడి వల్ల నీరు చల్లబడేది మూడు నాలుగు డిగ్రీలే. గొట్టాల మూతుల దగ్గరా పైపుల జాయింట్ల దగ్గరా పోయేది కూడా కలుపుకొన్నా మొత్తం అయిదు నుంచి ఎనిమిది డిగ్రీలు దాటకూడదని నా అభిప్రాయం. అంటే సాయంత్రం 60 ఉన్న నీరు తెల్లవారుజామున 52కు తగ్గకుండా ఉండాలి. అదే 40కి పడిపోయిందంటే, ఒక్క రాత్రిలో మూడున్నర యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఎక్కడికో పోయిందన్నమాట. దానిని చలికాలం మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు పరీక్ష. మీ గీజరు ట్యాంకులో కరెంటు హీటరు కూడా బిగించారేమో చూడండి. ఉంటే దాని ఎం.సి.బి.ని, అంటే దానికి కరెంటు ఇచ్చే స్విచ్చును, మూడు రోజుల పాటు పూర్తిగా ఆపి ఉంచండి. బిగించినవారు దానిని ఆన్ చేసి వెళ్ళిపోవడం, ఇంటివారు ఎండ వల్లనే నీరు కాగుతోందని నమ్మడం, రెండో నెల కరెంటు బిల్లు చూసి ఉలిక్కిపడడం నేను చాలా ఇళ్ళలో చూశాను. తరువాత వంటింట్లో వాడే, లోహపు పుల్ల ఉన్న థర్మామీటరు ఒకటి తెప్పించుకోండి. జ్వరం చూసుకునే థర్మామీటరు 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇందుకు పనికిరాదు. ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం అయిదు గంటలకు, ట్యాంకుకు అతి దగ్గరగా ఉన్న వేడి నీటి కుళాయి తిప్పి, వేడి నిలకడకు వచ్చాక స్టీలు చెంబులో పట్టి చూసి రాసుకోండి. మొదటి రెండు మూడు లీటర్లు లెక్కలోకి తీసుకోకండి. ఆ రాత్రి ఎవరూ వేడి నీరు వాడకుండా, ఉదయం అయిదు గంటలకు అదే కుళాయి దగ్గర అదే విధంగా మళ్ళీ చూడండి. రెండు అంకెల మధ్య తేడా ఎనిమిది లోపే ఉంటే మీ ట్యాంకు మంచిదే. పన్నెండు దాటితే అనుమానించండి. పనిలో పనిగా, పొద్దు గూకి రెండు గంటలయ్యాక మేడ ఎక్కి ట్యాంకు పైరేకును చుట్టూ చేత్తో తడిమి చూడండి. రేకు బయటి గాలిలాగే చల్లగా ఉండాలి. ఎక్కడైనా ఒక చోట వెచ్చగా తగిలితే అక్కడ నురుగు నిండలేదని అర్థం. ఆ లోపం మేడ మీద సరిచేయగలిగేది కాదు. ట్యాంకునే మార్చమని అడగాలి.

అయితే మీ ఇంటి విషయంలో నా అనుమానం ట్యాంకు మీద అంతగా లేదు. రెండు బకెట్ల మాట ఇక్కడే పనికివస్తుంది. వేడి నీటికి వాడే ముప్పావు అంగుళం సి.పి.వి.సి. ప్లాస్టిక్ పైపులో మీటరుకు దాదాపు పావు లీటరు నీరు నిలుస్తుంది. మేడ మీది నుంచి కింది అంతస్తు స్నానాలగది దాకా 20 మీటర్ల పైపు ఉందనుకున్నా, అందులో రాత్రంతా నిలిచి చల్లారిన నీరు అయిదు లీటర్లే. పైపే చల్లగా ఉంటుంది కాబట్టి ఇంకో రెండు మూడు లీటర్లు వేసుకోండి. మీవి 15 లీటర్ల బకెట్లయితే, మీరు పారబోస్తున్నది 30 లీటర్లు. ఆ మిగిలిన 20 లీటర్లకు పైగా చల్లనీరు వేడి నీటి పైపులోకి ఎక్కడి నుంచి వస్తోంది? చల్లనీటి పైపు నుంచే రావాలి. ఇంట్లో ఎక్కడో ఒకచోట ఆ రెండు పైపులు కలుస్తున్నాయి.

ఇలా కలవడానికి మామూలుగా కారణం మిక్సర్ కుళాయి. వేడి నీటి పిడి, చల్లనీటి పిడి రెండూ తెరిచి ఉంచి, హ్యాండ్ షవరు చివర ఉన్న మీటతో మాత్రమే నీటిని ఆపే అలవాటు చాలామందికి ఉంటుంది. బయటికి నీటిచుక్క రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. లోపల మాత్రం రెండు పైపులూ ఒకటైపోతాయి. అప్పుడు ఇంకో గదిలో ఎవరు వేడి నీటి కుళాయి తిప్పినా, పై ట్యాంకులోని చల్లనీరు ఈ అడ్డదారిన వచ్చి కలుస్తుంది. మా ఇంట్లో ఒక చలికాలమంతా గొట్టాలు మంచివి కావని నేను బిగించినవారితో వాదించాను, రెండు గొట్టాలు మార్పించాను కూడా. చివరికి కారణం పై అంతస్తులో ఇలా తెరిచి ఉంచిన మిక్సరేనని తేలింది. అందుకే అడుగుతున్నాను: సాయంత్రం మీరు వేడి చూసిన కుళాయీ, ఉదయం అత్తగారు వాడే కుళాయీ ఒకటేనా? రాత్రి అందరి స్నానాలూ అయ్యాక మిక్సరు పిడులు రెండూ ఎవరైనా కట్టేస్తున్నారా?

తేల్చుకోవడం కష్టం కాదు. మేడ మీద, సోలార్ ట్యాంకు నుంచి వేడి నీరు బయలుదేరే చోట ఒక గేట్ వాల్వు ఉంటుంది. దానిని పూర్తిగా కట్టేసి, కిందికి వచ్చి వేడి నీటి కుళాయి తిప్పండి. పైపులో మిగిలిన కొద్ది నీరు వచ్చి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, ఆ నీరు చల్లనీటి పైపుదే. అప్పుడు ఇంట్లోని మిక్సర్లను ఒక్కొక్కటిగా కట్టేస్తూ రండి. దేనిని కట్టినప్పుడు ధార ఆగుతుందో లోపం అక్కడ ఉంది. పిడులన్నీ కట్టినా ఆగకపోతే, ఏదో మిక్సరు లోపల అరిగిపోయి ఉండవచ్చు, లేదా గోడలోని పైపులనే ప్లంబరు తప్పుగా కలిపి ఉండవచ్చు. పరీక్ష అయ్యాక వాల్వు మళ్ళీ తెరవడం మరిచిపోకండి. ఆ చోట వాల్వే లేదంటే, దానిని పెట్టించడం బిగించినవారి బాధ్యతగానే అడగండి. వాల్వు లేకుండా రేపు ఏ మరమ్మతు చేయాలన్నా ట్యాంకంతా ఖాళీ చేయవలసి వస్తుంది.

మేడ ఎక్కినప్పుడు గొట్టాలను కూడా చూడండి. ప్రతి గొట్టం అడుగున అద్దంలాంటి వెండి పూత కనబడుతుంది. గొట్టానికి ఉన్న రెండు గాజు పొరల మధ్య గాలి లేనంతకాలం ఆ పూత మెరుస్తూ ఉంటుంది. గాలి చొరబడితే తెల్లగా సున్నం పూసినట్లు మారిపోతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది: మంచి గొట్టం లోపల నీరు సలసల కాగుతున్నా మధ్యాహ్నం ఎండలో దాని పైగాజు తాకితే వేడి అంతగా తెలియదు. పక్కవాటికంటే ఒక గొట్టం స్పష్టంగా వేడిగా తగిలితే అది వేడిని దాచలేక బయటికి వదిలేస్తోందని అర్థం. అలాంటివి ఎన్ని ఉన్నా వెంటనే మార్పించుకోండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: నీరు లేకుండా ఎండలో కాగిన గొట్టాలలోకి పగటి పూట చల్లనీరు వదిలితే గాజు పగిలిపోతుంది. గొట్టాలు మార్చినా, ట్యాంకు కడిగి నింపినా సూర్యోదయానికి ముందే ఆ పని పూర్తిచేయమనండి.

కొనుగోలుదారులు సాధారణంగా అడగని ప్రశ్న సామర్థ్యానిది. 58 మిల్లీమీటర్ల లావు, 1,800 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఒక్కొక్క గొట్టంలో సుమారు రెండున్నర లీటర్ల నీరు పడుతుంది. 15 గొట్టాలలో 37 లీటర్లకు పైనే ఉంటుంది. ‘150 లీటర్లు’ అన్నది ట్యాంకు ఒక్కదానిదా, గొట్టాలలోని నీరు కూడా కలిపి చెప్పినదా అన్నది బిల్లు మీద రాసి ఇమ్మనండి. గొట్టాలలోని నీరు మీ స్నానానికి రాదు, కాబట్టి రెండోదైతే మీరు కొన్నది నిజానికి 110 లీటర్ల ట్యాంకే. బకెట్లతో కొలిచి చూసినా తెలుస్తుంది. 150 లీటర్ల ట్యాంకు నిండా కాగి ఉంటే, వేడి బాగా పడిపోయేలోగా 15 లీటర్ల బకెట్లు ఏడయినా నిండాలి. చల్లనీరు కలుపుకొని అయిదుగురి స్నానానికి అది చాలినంత.

దిక్కు, నీడ గురించి. నవంబరు మొదట్లో మన ప్రాంతంలో సూర్యుడు నడినెత్తి రేఖను దాటేది 11 గంటల 40 నిమిషాల ప్రాంతంలో. అప్పుడు దారానికి కట్టిన రాయి నీడ సరిగ్గా ఉత్తరానికి పడుతుంది. ఆ నీడ గొట్టాలకు సమాంతరంగా, గొట్టాల పై కొస నుంచి అడుగు కొసకు గీసిన గీత వెంట ఉంటే గీజరు దక్షిణానికి సరిగా ఉన్నట్లే. పది డిగ్రీల తేడాకు కంగారుపడనక్కరలేదు. అసలు చిక్కు నీడతో వస్తుంది. డిసెంబరు 22 ప్రాంతంలో మధ్యాహ్నం మీటరు ఎత్తు పిట్టగోడ నీడ తొంభై సెంటీమీటర్లు దాటదు గాని, ఉదయం 9 గంటలకూ మధ్యాహ్నం 3 గంటలకూ దాదాపు ఒకటింముప్పావు మీటరు దాకా సాగుతుంది. అక్టోబరులో బిగించినప్పుడు నీడ పడని చోట కూడా పుష్యమాసానికి పొరుగింటి నీళ్ళ ట్యాంకు నీడో, కొబ్బరిచెట్టు నీడో పడవచ్చు. ఇప్పుడే ఆ రెండు వేళల్లో ఒకసారి చూసి, నీడ అంచు గొట్టాలకు ఎంత దూరంలో ఉందో గుర్తు పెట్టుకోండి.

ఇక భద్రతకు సంబంధించిన వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలిన సొమ్ము ఇవ్వకండి. ట్యాంకు పైన ఆకాశంలోకి తెరిచి ఉండే సన్నని వెంట్ పైపు, చల్లనీటి ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తుగా ఉండాలి. దానికి మూత గాని వాల్వు గాని ఎన్నడూ ఉండకూడదు. అది మూసుకుపోతే ఆవిరి బయటికి పోయే దారి ఉండదు, నీరు ఒక్కసారిగా ఖాళీ అయినప్పుడు గాలి లోపలికి రాక ట్యాంకు నొక్కుకుపోతుంది. చల్లనీరు వచ్చే దారిలో, నీటిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఉందో లేదో చూడండి. ఇంట్లో ధార పెంచే ప్రెషర్ పంపు ఉంటే, ఇలా పైకి తెరిచి ఉన్న ట్యాంకుకు దానిని కలపనే కూడదు. ట్యాంకు నుంచి వచ్చే మొదటి మీటర్లలో మామూలు తెల్ల పి.వి.సి. పైపు వేసి ఉంటే ఒప్పుకోకండి. వేసవిలో రెండు రోజులు వాడకుండా వదిలేస్తే నీటి వేడి 80 డిగ్రీలు దాటుతుంది, ఆ పైపు మెత్తబడి జారిపోతుంది. మేడ మీది వేడి నీటి పైపు అంతటికీ నురుగు తొడుగు, ఆ తొడుగు ఎండకు చివికిపోకుండా దాని మీద రేకు గాని టేపు గాని ఉండాలి. కరెంటు హీటరుకు ఎర్తింగ్, కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చు లేకపోతే ఆ హీటరును అసలు వాడవద్దు.

స్టాండు సంగతి మనవాళ్ళకు విడిగా చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన మేడల మీద ఏమేమి ఎగరేసుకుపోయాయో అందరం చూశాము. నీటితో కలిపి రెండు వందల కిలోల దాకా బరువుంటుందని ధైర్యపడి స్టాండును ఊరికే శ్లాబు మీద నిలబెట్టి పోతారు. వాలుగా ఉన్న గొట్టాల వరుస కిందికి గాలి దూరితే ఆ బరువు ఆగదు. శ్లాబుకు రంధ్రాలు వేస్తే వానాకాలంలో నీరు కారుతుంది. కాబట్టి సిమెంటు దిమ్మెలు పోయించి, స్టాండు కాళ్ళను వాటిలోని బోల్టులకు బిగించడం మంచి పద్ధతి. సముద్రానికి దగ్గరగా, కళింగపట్నం, భీమునిపట్నం వైపు ఉన్నవారైతే ఉప్పుగాలికి తట్టుకునేలా జింకు పూత గట్టిగా ఉన్న స్టాండునే అడగాలి.

మీది బోరు నీరయితే ఒకసారి పరీక్ష చేయించండి. తాగునీటి ప్రమాణంలో కాఠిన్యానికి మేలైన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకనప్పుడు ఒప్పుకొనే హద్దు 600. మీ నీరు పై హద్దుకు దగ్గరగా ఉంటే ఏడాదికోసారి తెల్లవారుజామున ట్యాంకూ గొట్టాలూ ఖాళీ చేసి కడిగించాలి. ఉప్పదనం ఎక్కువైతే మామూలు స్టీలు ట్యాంకు కూడా వెల్డింగు దగ్గర చిల్లులు పడుతుంది. ట్యాంకుకు బదులు తానే తుప్పుపట్టి అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ లోపల ఉందో లేదో, ఉంటే ఎన్నాళ్ళకు మార్చాలో బిగించినవారే కాగితం మీద రాసి ఇవ్వాలి. గొట్టాలకు ఐ.ఎస్. 16543, ట్యాంకుకు 16542, మొత్తం గీజరుకు 16544 అన్న భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. ఆ అంకెలు, ట్యాంకు సీరియల్ నంబరు, బిగించిన తేదీ గ్యారంటీ కార్డు మీద ఉన్నాయో లేదో చూసుకోండి. ముద్ర లేని కార్డు మూడేళ్ళ తరువాత చిత్తుకాగితమే.

బిగించినాయనతో గొడవ పెట్టుకోవలసిన అవసరం లేదు. వాల్వు పరీక్షలో మిక్సరుదే తప్పని తేలితే, అది ఆయన తప్పు కాదు, సొమ్ము ఇచ్చేయండి. ట్యాంకు పరీక్షలో పన్నెండు డిగ్రీలకు మించి తేడా వస్తే, మూడు రోజుల అంకెలూ తేదీలతో రాసి ఆయన చేతికివ్వండి, ఒక ఉదయం అయిదు గంటలకు ఆయననే రమ్మని చెంబులో థర్మామీటరు చూపించండి. కాగితం మీద అంకెలు పెట్టినప్పుడు, చలికాలం ఇంతేనని చెప్పి తప్పించుకోవడం ఎవరికైనా కష్టమే.

ఈలోగా అత్తగారి స్నానం ఆగకూడదు. పరీక్షకు పెట్టుకున్న మూడు రోజులూ కట్టెల పొయ్యి మీదో గ్యాసు మీదో విడిగా నీళ్ళు కాచి ఇవ్వండి. ఆ తరువాత, ఎర్తింగ్ సరిగా ఉందని ఎలక్ట్రీషియన్‌తో నిర్ధారించుకున్నాక, తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు హీటరు వేయండి. 150 లీటర్ల నీటిని 38 డిగ్రీల నుంచి 45కు తేవడానికి 2,000 వాట్ల హీటరుకు దాదాపు 40 నిమిషాలు చాలు, ఖర్చయ్యేది ఒకటింపావు యూనిట్ లోపే. నీరు పోసేటప్పుడు బకెట్టులో ముందు చల్లనీరు పట్టి, తరువాతే వేడి నీరు కలపండి. 60 డిగ్రీల నీరు పెద్దవాళ్ళ పలుచని చర్మాన్ని కొన్ని క్షణాల్లోనే కాల్చేస్తుంది. లోపం సరిచేసి ఉదయం నీరు 50 దాటడం మొదలైన తరువాత ఈ జాగ్రత్త ఇప్పటికంటే ఎక్కువ అవసరమవుతుంది.